పన్నెండో బొమ్మ: ఒక హవల్దారు సైకాలజీ చదువు

పెన్షన్ వచ్చి విశాఖలో దిగిన జవానుకి మొదటి నెలలో వచ్చే ఫోన్లు మూడు రకాలు. బ్యాంకులో గన్‌మన్ ఉద్యోగం ఉంది, చేరతావా అని ఒకటి. పెందుర్తి అవతల ప్లాట్లు వేస్తున్నారు, నీకొచ్చిన డబ్బులు ఏం చేశావు అని ఒకటి. మావాడు ఆర్మీ సెలక్షన్‌కి పరుగు తీస్తున్నాడు, కాస్త చూడు అని ఒకటి. 2014లో నాకూ ఈ మూడూ వచ్చాయి. ఎంఏ సైకాలజీలో చేరుతున్నానని చెబితే అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి, "అయితే నైట్ డ్యూటీ చూడమంటావా?" అనేవారు.

అమ్మకి చెప్పడం ఇంకో తంటా. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా వైపు "వాడిని వాల్తేరు తీసుకెళ్లాల" అంటే అర్థం ఒకటే, అక్కడి మానసిక వైద్యశాలకని. యూనివర్సిటీ కూడా వాల్తేరులోనే ఉందని అమ్మకి ఎవరు చెప్పారు? "వాల్తేరులో చేరేనే అమ్మా" అనగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంగతి అర్థమయ్యాక మాత్రం, "మనసు గురించి సదువేట్రా? మనసున్నోడికి తెలీదేటి?" అంది. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర మంచి జవాబు లేదు.

నేను 1997లో బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో చేరాను. ఉల్సూరు చెరువు పక్కన ట్రైనింగ్. సాపర్ల పని వంతెనలు వెయ్యడం, నీళ్లు తేవడం, మందుపాతరలు పెట్టడం, పెట్టినవి తియ్యడం. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యం సరిహద్దుకి కదిలింది. మేము రాజస్థాన్ ఇసుకలో చలికాలమంతా మైన్లు పాతాం. యుద్ధం రాలేదు. మరుసటి ఏడాది చివర్లో వెనక్కి తియ్యమన్నారు. పాతినవాళ్లమే తీశాం.

పాతినంత సులువు కాదు తియ్యడం. ఏ గుర్తు నుంచి ఏ దిక్కున ఎన్ని మీటర్లలో ఏ వరుస ఉందో కాగితం ఉంటుంది. కాగితం కదలదు, ఇసుక కదులుతుంది. ఒక ఎండాకాలం గడిచేసరికి దిబ్బ ఇక్కడ లేదు, అక్కడుంది. చిన్న మైను అరచేతిలో పడుతుంది, ప్లాస్టిక్‌ది. ఇనుము ఎంత తక్కువంటే డిటెక్టర్‌కి సరిగ్గా అందదు. అది మనిషిని చంపడానికి చేసింది కాదు, పాదం తీసుకోడానికి చేసింది. అందుకని బోర్లా పడుకుని ప్రాడర్, అంటే సన్నటి ఇనప ఊచ, ముప్ఫై డిగ్రీల వాలులో ఇసుకలోకి గుచ్చుకుంటూ పోవాలి. నిటారుగా గుచ్చితే దాని నెత్తిమీద పొడిచినట్టే. గుచ్చు, ఆగు, తియ్యి, రెండు వేళ్ల మేర జరుపు, మళ్లీ గుచ్చు. ముక్కు చివర చెమట బొట్టు వేలాడుతున్నా తుడుచుకోబుద్ధి కాదు.

మా సూబేదార్ సాబ్‌కి ఒక అలవాటు. వెనకాల గడియారం చూస్తూ నిలబడి, అరగంట కాకముందే ముందున్నవాణ్ని లేపేసి ఇంకొకణ్ని పంపేవారు. "ఇంకాసేపు చేస్తాను సాబ్" అన్నా వినేవారు కాదు. "నువ్వు బాగానే ఉన్నావు, నీ కళ్లు పడుకున్నాయి" అనేవారు. ఆయన పదో క్లాసు పాసవలేదు.

2003 వేసవిలో నాకు జోడీగా పనిచేసేవాడి పాదం పోయింది. పలాస వైపు వాడు, నాతోపాటే భర్తీ అయ్యాడు. అంత అనుభవం ఉన్నవాడు మైన్లు తీసేసిన దారికి హద్దుగా వేసిన తెల్ల టేపు దాటి ఒక్క అడుగు పక్కకి వేశాడు. ఎందుకు వేశాడో వాడికి తెలీదు, కూతవేటు దూరం కూడా లేని నాకూ తెలీదు. ఎంక్వయిరీలో నన్ను నిలబెట్టి కారణం అడిగారు. ఫౌజులో "తెలీదు సాబ్" అన్నది జవాబు కింద లెక్క కాదు. "అజాగ్రత్త, సాబ్" అన్నాను. కాగితం మీద అదే ఎక్కింది.

ఆ మరుసటి ఏడాది ఏసీసీ, అంటే జవాన్లని ఆఫీసర్లుగా తయారుచేసే ఆర్మీ కాలేజీ, దారిలో ఆఫీసర్ అవుదామని, ఆఫీసర్ల సెలక్షన్ జరిపే ఎస్‌ఎస్‌బీకి బెంగళూరు వెళ్లాను. సైకాలజీ అనే మాటని దగ్గరగా చూడడం అదే మొదలు. పొద్దున్నే ఒక హాల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపిస్తారు. ఒక్కో బొమ్మకి ముప్ఫై సెకన్లు చూపు, నాలుగు నిమిషాల్లో కథ. పదకొండు బొమ్మలయ్యాక పన్నెండోది ఖాళీ తెర. ఏ కథ కావాలంటే ఆ కథ రాసుకోమంటారు. తరవాత అరవై మాటలు, మాటకి పదిహేను సెకన్లు. ఆ తరవాత అరవై సందర్భాలు, అరగంట. చివర్లో నీ గురించి నువ్వు రాయాలి: అమ్మానాన్నలు ఏమనుకుంటారు, స్నేహితులు ఏమనుకుంటారు, నీ గురించి నువ్వేమనుకుంటున్నావు.

ఖాళీ తెరకి నేను మైన్లు తీసే జట్టు కథ రాశాను. అందులో ఎవడి పాదమూ పోలేదు. అందరూ క్షేమంగా వచ్చి లంగర్‌లో పూరీలు తిన్నారు. నా గురించి రాసిన కాగితంలో కూడా అందరూ నన్ను మెచ్చుకున్నవాళ్లే. అయిదో రోజు నా చెస్ట్ నంబర్ పిలవలేదు.

రిజెక్టయినందుకు బాధ వారంలో పోయింది. పోనిది ఒకటే. నా మొహం కూడా చూడకుండా, ఎక్కడో గదిలో కూర్చుని, ఆ కాగితాల్లో ఒక సైకాలజిస్టు ఏదో చదివాడు. ఏం చదివాడు? పదేళ్లు ఇదే నసిగింది లోపల. జమ్మూలో, అస్సాంలో ఎక్కడ పోస్టింగైతే అక్కడ నుంచి ఇగ్నో బీఏ ముక్కలు ముక్కలుగా పూర్తి చేశాను.

ఇక్కడ తోటి ఎక్స్‌సర్వీస్‌మన్లకి ఒక్క మాట. పదిహేనేళ్ల సర్వీసు పూర్తిచేస్తే మనకి గ్రాడ్యుయేషన్‌కి సమానమని ఒక సర్టిఫికెట్ ఇస్తారు. అది గ్రూప్ సీ ఉద్యోగాలకి అర్హతే తప్ప డిగ్రీ కాదు. దాన్ని నమ్ముకుని పీజీ అడ్మిషన్‌కి వెళ్తే వెనక్కి పంపిస్తారు. మా బ్యాచ్‌వాడు ఒకడు అలాగే సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకుని మరీ వెళ్లొచ్చాడు.

ఆసెట్ ఎంట్రన్స్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలో సీటు తెచ్చుకునేసరికి నాకు ముప్ఫై ఆరు. మా డిపార్ట్‌మెంట్‌ని 1967లో కోనేరు రామకృష్ణారావు గారు మొదలుపెట్టారు. పేరు సైకాలజీ అండ్ పారాసైకాలజీ. ఆయన అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జె.బి.రైన్ దగ్గర అతీంద్రియ శక్తుల మీద పనిచేసి వచ్చినవారు. ఆ పేరు చూసి మా బావ, "దెయ్యాల సదువా బావా?" అని ఏడాదిపాటు ఆటపట్టించాడు.

క్లాసులో మొదట అంకుల్, దసరా నాటికి అన్న, రెండో ఏడాదికి హవల్దార్ గారు అయ్యాను. చదువులో అన్నిటికంటే ఏడిపించింది స్టాటిస్టిక్స్. స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏంటో అనకాపల్లి అమ్మాయి ఒకతె అవుట్ గేట్ దగ్గర టీ బండి మీద చక్కెర పొట్లాలు పేర్చి చెప్పింది. ఆ రోజు నుంచి మర్చిపోలేదు. రూమ్ పెదవాల్తేరులో. నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుంది కాబట్టి ఇంకా చీకటుండగానే బీచ్ రోడ్డుకి పోయి కురుసుర జలాంతర్గామి దాకా ఫుట్‌పాత్ మీద నడిచి వచ్చేవాణ్ని.

మొదటి ఏడాది చలికాలంలో, వి.ఎస్.కృష్ణా లైబ్రరీలో కూర్చుని అవధానం, అంటే ధ్యాస నిలపడం, మీద అధ్యాయం చదువుతున్నాను. నార్మన్ మాక్‌వర్త్ అనే ఆయన 1948లో ప్రచురించిన ప్రయోగం. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు కూర్చున్నవాళ్లు కాసేపటికి శత్రువు గుర్తుని చూస్తూ కూడా ఎందుకు పట్టుకోలేకపోతున్నారన్నది ప్రశ్న. గడియారం లాంటి ఒక పలక తయారుచేశాడు. ముల్లు చిన్న చిన్న గెంతులు వేస్తూ పోతుంది. ఎప్పుడో ఒకసారి రెండు గెంతులు ఒకేసారి వేస్తుంది. అది కనబడితే మీట నొక్కాలి. ఇలా రెండు గంటలు. మొదటి అరగంట దాటేసరికే జనం తప్పడం మొదలుపెట్టారు. బద్ధకస్తులు కాదు, అజాగ్రత్తపరులు కాదు. ఏమీ జరగని చోట ఏదో జరుగుతుందని కాచుకుని కూర్చుంటే ఎవరి చూపైనా అంతే.

పుస్తకం మూసేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సూబేదార్ సాబ్ గడియారం. నీ కళ్లు పడుకున్నాయి. నేను చెప్పిన "అజాగ్రత్త, సాబ్." ఆ రోజు మధ్యాహ్నం క్లాసుకి వెళ్లలేదు.

నార్మన్ డిక్సన్ గురించి తెలిసింది రెండో ఏడాదిలో. మా మేడమ్ ఒకరు, "నీలాంటివాడే ఒకాయన ఉన్నాడు, చదువు" అని పంపారు. నిజంగానే మా శాఖవాడు. బ్రిటిష్ సైన్యంలో పదేళ్లు రాయల్ ఇంజనీర్స్‌లో పనిచేశాడు, అందులో ఎక్కువ కాలం బాంబులు నిర్వీర్యం చేసే పనే. గాయపడి 1950లో బయటికొచ్చి సైకాలజీ చదివి, యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ప్రయోగశాలలో ఆయన అసలు పని, మనకి తెలియకుండానే మన కంట పడేవాటి మీద. లోకానికి తెలిసింది మాత్రం 1976లో సైనిక అసమర్థత మీద రాసిన పుస్తకంతో. యుద్ధాల్లో ఘోరమైన తప్పులు చేసిన జనరల్స్ తెలివితక్కువవాళ్లు కారంటాడు. తప్పు చేస్తానేమోనన్న భయం, పైవాడి మెప్పు, తన అంచనాకి సరిపడని వార్తని చెవిన పెట్టకపోవడం, ఇవన్నీ స్వభావానికి సంబంధించినవని, సైన్యం మెచ్చుకునే క్రమశిక్షణే అలాంటి స్వభావాలని పైకి తెస్తుందని ఆయన వాదం. అందరు జనరల్స్‌కీ ఇది అతుకుతుందని నాకైతే నమ్మకం లేదు. ఫలితం తెలిశాక స్వభావాన్ని వెతకడం సులువు. కానీ సింగపూర్ కథ చదివితే ఒళ్లు మండింది. అక్కడి చీఫ్ ఇంజనీర్ ఉత్తరపు ఒడ్డున రక్షణ ఏర్పాట్లు చేద్దామని బతిమాలితే, అవి చూసి సైనికుల, పౌరుల మనోబలం దెబ్బతింటుందని అక్కడి బ్రిటిష్ సేనాని జనరల్ పెర్సివల్ ఒప్పుకోలేదు. జపాన్‌వాళ్లు అటునుంచే దిగారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు నెలలు తిరక్కుండా, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు ఇదిగో ఈ విశాఖ మీద బాంబులు వేశాయి. మా యూనివర్సిటీనే మూటాముల్లే సర్దుకుని గుంటూరు వెళ్లిపోయింది. నేను పుస్తకం చదువుతున్న చోటు ఆ ఖాళీ చేసిన చోటే.

డిక్సన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. తన గాయానికి చాలావరకు తన అసమర్థతే కారణమని ఆయన తన గురించి తానే చెప్పుకున్నాడు. అంత పెద్ద ప్రొఫెసర్‌కి ఆ ముక్క రాయాల్సిన అవసరం ఏముంది? ఎస్‌ఎస్‌బీలో నేను రాసిన కాగితం గుర్తొచ్చింది.

ఎంఏ అయ్యాక 2017లో లెక్చరర్లకి పెట్టే అర్హత పరీక్ష, నెట్, పాసయ్యాను. వయసైపోయిందని భయపడేవాళ్లకి చెబుతున్నాను, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి వయోపరిమితి లేదు, జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్‌కే ఉంది. నూట యాభై ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా వదలకండి. తరవాత ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా తీసుకున్నారు. తీసుకున్న వారానికే కరస్పాండెంట్ గారు పిలిచి, మిలిటరీ మనిషివి కదా, పొద్దున్న గేటు దగ్గర నిలబడి లేటుగా వచ్చేవాళ్లని ఆపు అన్నారు. మొత్తానికి సెక్యూరిటీ ఉద్యోగం తప్పలేదు! ఏడు నెలలు నిలబడ్డాను. ఆ సంగతి ఇంతకంటే రాయను.

పీహెచ్‌డీకి 2018లో చేరాను. అంశం, రిటైరైన జవాన్ల నిద్ర, సర్దుబాటు. నాకది నల్లేరు మీద నడక అనుకున్నాను. మనవాళ్లే కదా, మన భాషే కదా. ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగు చేసి, వేరేవాళ్ల చేత మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్పించి సరిచూసుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. డిప్రెషన్‌కి పుస్తకంలో కుంగుబాటు అని ఉంటుంది. మా ఊళ్లలో ఎవరంటారు ఆ మాట? "మనసు బాగోదు" అంటారు, "గాబరాగా ఉంటాది" అంటారు, ఎక్కువమంది "గేస్ బాబూ" అని గుండె మీద చెయ్యి వేసుకుంటారు.

తీరా కాగితాలు పంచితే మనవాళ్లంతా ఒకేలా నింపారు. నిద్ర బాగా పడుతుందా, అయిదుకి అయిదు. కోపం వస్తుందా, ఒకటి. అప్పుడప్పుడు అన్న గడిలో టిక్కు పెట్టినవాడే లేడు. రోల్‌కాల్‌లో అప్పుడప్పుడు హాజరు అనేవాడు ఉంటాడా? "సబ్ ఠీక్ హై సాబ్" అని నవ్వుతూ పెన్ను తిరిగిచ్చేవారు. నా ముందు మొదటి ముప్ఫై కాగితాలు అలా పేర్చి ఉంటే మా గైడ్ మేడమ్, "వీళ్లు నీకు రిపోర్టిస్తున్నారయ్యా, జవాబివ్వడం లేదు" అన్నారు.

ఆవిడే దారి చూపించారు. ఎలా ఉన్నావని అడక్కు, నిన్న ఏం చేశావో అడుగు అన్నారు. అప్పుడు కదిలాయి మాటలు. ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, రిటైర్డ్ నాయక్, సెల్లార్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా డ్యూటీ. కష్టం కదా అన్నాను. "లేద్సార్, నేనే అడిగి ఏయించుకున్నాను. ఎలాగూ నిద్ర రాదు కదండీ. ఇంట్లో మంచం మీద కూకుంటే ఆడోళ్లు భయపడతన్నారు. ఇక్కడ కూకుంటే జీతమిస్తన్నారు." టార్చి లైటు వెలిగిస్తూ ఆర్పేస్తూ చెప్పాడు, ఏదో బజారు విషయం చెబుతున్నట్టు. అదే మనిషి నా కాగితంలో నిద్రకి అయిదు వేశాడు. తరవాత ఎవర్ని కదిపినా నైట్ డ్యూటీ కావాలని అడిగి వేయించుకున్నవాళ్లు తగులుతూనే ఉన్నారు.

నేను ఎగిరి గంతేసి నిద్రలేమే వీళ్లని సెక్యూరిటీ ఉద్యోగాలకి తోలుతోందని ఒక అధ్యాయం రాసి పట్టుకెళ్లాను. మేడమ్ ఎర్ర పెన్నుతో ఒకటే ప్రశ్న రాశారు: నైట్ డ్యూటీ వల్లే నిద్ర పోయిందేమో, నీకెలా తెలుసు? రెండు నెలలు ఆ ప్రశ్నతో పోట్లాడాను. ఓడిపోయాను.

ఇంకొకటి కూడా రాయమన్నారు. పరిశోధకుడు తానే ఫౌజీ కాబట్టి, తను ఎక్కడ నిలబడి ఈ పని చూస్తున్నాడో మొదట్లో రెండు పేజీలు ఉండాలన్నారు. నేను రాసింది ఆరు వాక్యాలు: ఎప్పుడు భర్తీ, ఏ ట్రేడ్, ఎక్కడెక్కడ పోస్టింగు, ఎప్పుడు డిశ్చార్జ్. మేడమ్ చదివి, "బాగుంది. ఇందులో నువ్వు తప్ప అన్నీ ఉన్నాయి" అన్నారు. మూడుసార్లు తిప్పి రాశాను. మూడోసారి ఎంక్వయిరీ సంగతి, "అజాగ్రత్త" అన్న మాట రాశాను. ఆవిడ ఏమీ అనలేదు. సంతకం పెట్టారు.

2023లో వైవా. పలాస నుంచి నా జోడీ కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పూణెలో పెట్టిన కృత్రిమ పాదంతో వాడు నడిస్తే కొత్తవాళ్లకి తేడా తెలీదు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు తిన్నగా అక్కడికే వచ్చారు. నిద్ర రాక నైట్ డ్యూటీ ఎంచుకున్నారా, నైట్ డ్యూటీ వల్ల నిద్ర రావడం లేదా? నేను లేచి, అలవాటు కొద్దీ మడమలు కలిపి, "నా దగ్గరున్న సమాచారంతో చెప్పలేను సార్, తెలీదు" అన్నాను. ఆయన తలాడించి తరవాత పేజీ తిప్పారు.

సాయంత్రం ఇద్దరం బీచ్‌కి వెళ్లాం. మురీ మిక్చర్ రెండు పొట్లాలు కట్టించుకుని పిట్టగోడ మీద కూర్చున్నాం, కాళ్లు రోడ్డు వైపే వేసుకుని. వాడు కాసేపు నమిలి, "తెలీదు అనడం నేర్చుకోడానికి ఇన్నేళ్లు పట్టిందేట్రా నీకు" అన్నాడు. నేను వాడి వైపు చూడలేదు. వాడూ చూడలేదు. వెనకాల ఎవరి పిల్లలో ఇసుకలో గొయ్యి తవ్వుతూ కేకలు వేస్తున్నారు.

"దిగుదామా?" అన్నాను.

"నాకైతే ఒద్దురా బాబూ. ఇసకంటే ఇప్పటికీ..." అని ఆపేశాడు. తరవాత, "నువ్వెళ్లు. ఇక్కడే ఉంటన్నావు కదా, రోజూ దిగుతావు కావోలు" అన్నాడు.

తొమ్మిదేళ్లు లెక్కపెట్టుకున్నాను. పెదవాల్తేరు రూమ్, నాలుగున్నర మెలకువ, కురుసుర దాకా నడక, రోజూ. ఫుట్‌పాత్ దిగిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. వాడి పొట్లంలో మిగిలిన ఉల్లిపాయ ముక్కలు నా పొట్లంలోకి వంపుకుని, ఇద్దరం అక్కడే కూర్చుని తినేశాం.